జిగురు గదిలో చోటు

చిట్టి కడుపు పోయిన రోజు, పొద్దు వాలకముందే ఆ ఇంట్లో తప్పెవరిదో తేల్చే పని మొదలైంది.

పనిలో పడిపోయిన చిట్టిని ఆస్పత్రి నుంచి ఫ్యాక్టరీ వ్యానులోనే తెచ్చి వీధి మొదట్లో దింపారు. మేడ మెట్లు ఎక్కేటప్పుడు చిట్టి గోడ పట్టుకుంది తప్ప ఎవరి చెయ్యీ అందుకోలేదు. లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. పెళ్ళై ఏడాది తిరగని పిల్ల. కడుపుతో ఉందన్న సంగతీ, అది పోయిందన్న సంగతీ డాక్టరమ్మ ఒకే మాటలో చెప్పింది. మధ్యలో సంతోషించడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు.

“బకెట్లు మొయ్యొద్దని చెప్పానా, లేదా?” అంది అత్త, ముందుగదిలో కుర్చీలో కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటూ.

“చెప్పిందీ నువ్వే, కుళాయి దగ్గరికి పంపిందీ నువ్వే,” అన్నాడు చిన్నకొడుకు. వెల్డింగ్ షాపు నుంచి పరుగెత్తుకొచ్చినవాడు, చేతుల మసి కూడా కడుక్కోలేదు. చిట్టి మొగుడు.

“నేను పంపానా? నా మోకాళ్ళ బాధ చూడలేక తనే దిగింది. కడుపుతో ఉందని నాకేమైనా కలొచ్చిందా?”

“దానికే తెలీదమ్మా.”

“తెలీకపోవడమేంట్రా? నెల తప్పితే ఆడదానికి తెలీదా?”

“అలిసిపోయి అలా అయిందనుకుందట. పొద్దున్నుంచీ సాయంత్రందాకా నిలబడి వస్తుంది. ఏం గుర్తుంటుంది?”

“నాతో చెప్పకపోతే పోనీ, పెద్దదానితోనైనా చెప్పిందేమో అడుగు. అక్కా అక్కా అంటూ దాని కొంగు పట్టుకుని తిరుగుతుందిగా. ఏమ్మా పెద్దమ్మాయ్, నీకైనా చెప్పిందా?”

పెద్దకోడలు వంటగదిలో బకెట్టు ముందు కూర్చుని ఉంది. “లేదత్తయ్యా,” అంది. అది నిజమే. అయినా ఆ మాట బకెట్టులోకి చూస్తూనే అంది.

బకెట్టులో నానుతున్నది చిట్టి పనిలో కట్టుకునే ఆప్రాన్. నీలం గుడ్డ మీద జిగురు మరకలు అట్టకట్టి ఉన్నాయి. ఎన్ని నీళ్ళు మార్చినా ఆ వాసన వదలదు. కాస్త తియ్యగా, ముక్కు వెనక ఎక్కడో పట్టుకుని ఉంటుంది. ఆప్రాన్ చిట్టికి పొడుగు. అది పెద్దకోడలిది. చోట్లు మార్చుకున్న రోజున తనే విప్పి ఇచ్చింది.

తోడికోడళ్ళిద్దరూ ఒకే బూట్ల ఫ్యాక్టరీకి వెళతారు. పెద్దకోడలు ఎన్నో ఏళ్ళుగా జిగురు గదిలో ఉండేది. బూటు అడుగులకి బ్రష్షుతో జిగురు పూసి అవతలికి జరపడం పని. చిట్టి పెళ్ళయ్యాక చేరింది. బూట్లని డబ్బాల్లో సర్దే హాలులో, కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడేది. ఎండలు ముదిరే ముందు ఇద్దరూ ఒకరి చోటులోకి ఒకరు మారారు. నడుం నొప్పి, ఆ గదిలో నిలబడలేకపోతున్నానని పెద్దకోడలు ఇంట్లో చెప్పింది. అందరూ నమ్మారు. ఆ గదిలో పనిచేసి నడుం నొప్పి లేని మనిషి లేదు. చిట్టిని ఆ చోటులో పెట్టింది సూపర్‌వైజరే అనుకున్నారు.

అసలు సంగతి వేరు. ఫ్యాక్టరీలో ఒక నర్సమ్మని కొత్తగా పెట్టారు. గేటు పక్క గదిలో కూర్చుని, పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళని కడుపు రాకముందే చూడటం ఆవిడ పని. రక్తం, బీపీ, షుగరు, థైరాయిడ్ చూస్తుంది. మాత్రలిస్తుంది. మొగుణ్ణి కూడా ఒకసారి రమ్మని, సిగరెట్లు ఎన్ని కాలుస్తాడో అడుగుతుంది. జిగురులాంటి ఘాటు వాసనల మధ్య పనిచేసేవాళ్ళైతే చోటు మార్పిస్తుంది. మొదట్లో ఆడవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. “కడుపు రాకముందే పురుడు పోస్తుందట,” అని చెప్పుకున్నారు.

పెద్దకోడలు నవ్వలేదు. ఆమెకి అప్పటికే రెండుసార్లు జారిపోయింది. రెండోసారి అత్త ఆ సంగతి పాలుపోసే మనిషికి కూడా చెప్పుకుని ఏడ్చింది. మళ్ళీ ఆశ పడుతున్నానని ఈసారి ఎవరికీ తెలియనివ్వదలుచుకోలేదు. లారీ మీద ఊళ్ళు తిరిగే మొగుడికి కూడా చెప్పకుండా, ఒక్కతే వెళ్ళి ఆ గది తలుపు తట్టింది.

నర్సమ్మ చోటు మార్పించగలదు. ఖాళీ అయిన చోటులోకి ఎవరొస్తారన్నది మాత్రం ఆవిడ చేతిలో లేదు. బల్ల వదిలేవాళ్ళే తమ బల్లకి మనిషిని చూపించాలన్నది ఆ ఫ్యాక్టరీలో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. ఆ మనిషి మానేస్తే, చూపించినవాళ్ళే వెనక్కి రావాలి. సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఆయన్ని ఈలాయన అంటారు. “మనిషిని చూపించు, మారిపో,” అన్నాడు ఈలాయన. పెద్దకోడలు చిట్టిని చూపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నర్సమ్మ భోజనాల షెడ్డులో బెంచీ బెంచీకీ వచ్చి అడిగింది. చిట్టి ముందు నిలబడి, “నీ సంగతేంటమ్మా? ఈ ఏడాదిలో పిల్లలు కావాలనుకుంటున్నారా?” అంది. చిట్టి చెవులదాకా ఎర్రబడి తల వంచుకుంది. పెద్దకోడలే అందుకుంది. “అది చిన్నపిల్ల నర్సమ్మా. వాళ్ళకిప్పుడే తొందర లేదు.”

చిట్టిని ఎవరైనా ఏదైనా అడిగితే పెద్దవాళ్ళు బదులు చెప్పడం ఆ ఇంట్లో మామూలే. ఆ మాట కూడా అంత మామూలుగానే వచ్చింది. చిట్టి అవునంటే ఆ బల్ల మళ్ళీ ఖాళీ అవుతుందనీ, మళ్ళీ తనే వెళ్ళాల్సి వస్తుందనీ ఆ మాట అంటున్నప్పుడే పెద్దకోడలికి తెలుసు.

“వదినా,” మరిది వంటగది గుమ్మంలోకి వచ్చాడు. “అది పడిపోయినప్పుడు నువ్వు చూశావా?”

“లేదు. నేను అవతలి హాల్లో ఉన్నాను. పక్క బల్లావిడ వచ్చి చెప్పింది.”

“పొద్దున బాగానే ఉందా?”

“తల తిరుగుతోందంది.”

“మరి వద్దనలేదా?”

పెద్దకోడలు ఆప్రాన్ పిండింది. “ఆ గదిలో అందరికీ తిరుగుతుంది,” అంది.

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకే తెలిసిరాలేదు. మరిది తలుపు చెక్క మీద వేలితో గీసుకుంటూ నిలబడ్డాడు. ఆ వేలి చప్పుడు ఆగేదాకా ఆమె తల ఎత్తలేదు.

“అందరికీనా?” అన్నాడు.

“గాలి తక్కువ కదా.”

“నీకూ తిరిగేదా?”

“నాకు నడుం నొప్పి,” అందామె.

వాడింకా ఏదో అడగబోయాడు. అత్త ముందుగదిలోంచి, “దాన్నెందుకురా కోర్టులో నిలబెట్టినట్టు నిలబెడతావ్? పొద్దున్నుంచీ ఎంగిలి పడలేదు అది. నీకు చేతనైతే ఆ చేతులు కడుక్కో. ఆ మసితో నా గోడలన్నీ ఖరాబు చేస్తున్నావ్,” అని కేకేసింది.

అత్త తనవైపు మాట్లాడితే ఎప్పుడూ ధైర్యంగా ఉండేది. ఇవాళ ఆ ధైర్యం రాలేదు.

ఆప్రాన్ ఆరేయడానికి వరండాలోకి వచ్చింది. వీధి చివర నర్సమ్మ కనబడింది. భుజాన సంచీ, చేతిలో మడిచిన గొడుగు. ఇళ్ళ తలుపులు చూసుకుంటూ వస్తోంది. పెద్దకోడలు ఆప్రాన్ దండెం మీద సరిగా వేయకుండానే లోపలికొచ్చి చెత్తబుట్ట అందుకుంది.

“చెత్త పారేసి వస్తానత్తయ్యా.”

“ఇప్పుడా? పొద్దున్నే పారేశావుగా.”

“నిండింది.”

బుట్ట అడుగున రెండు కాగితాలు తప్ప ఏమీ లేవు. అత్త చూడకుండా పొట్టకి ఆనించి పట్టుకుని మెట్లు దిగింది.

మెట్ల కింద సైకిళ్ళు పెట్టే చోట నర్సమ్మని ఆపింది. అక్కడ వెలుతురు తక్కువ. పైనుంచి చూస్తే ఎవరూ కనబడరు.

“నిద్రపోతోంది నర్సమ్మా. ఇప్పుడే కళ్ళు మూసుకుంది,” అంది.

“లేపనులే. ఒకసారి చూసి వెళ్తాను. రక్తం బాగా తక్కువుందని ఆస్పత్రివాళ్ళు చెప్పారు. ఇవాళ్టిది కాదట, ముందునుంచే తక్కువట. నా గదికి ఒక్కసారి వచ్చి ఉంటే అప్పుడే తెలిసేది.” నర్సమ్మ గొడుగు గోడకి ఆనించింది. “అన్నట్టు, ఆ పిల్ల డబ్బాల హాల్లో కదా ఉండేది? జిగురు గదిలోకి ఎలా వచ్చింది?”

పెద్దకోడలు బుట్ట ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

“నా చోటులోకి,” అంది.

నర్సమ్మ సంచీ భుజం మీంచి తీసి కింద పెట్టింది. పక్కింటి వంటగదిలో ఎవరో గిన్నె తోముతున్న చప్పుడు వినబడుతోంది.

“నువ్వు చూపించావా?”

“చూపించమన్నారు.”

“ఎందుకు మారుతున్నావో తనకి చెప్పావా?”

పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది.

“ఆ రోజు షెడ్డులో నేను దాన్ని అడిగితే, నువ్వు...” నర్సమ్మ ఆగిపోయింది. “తప్పు నాది కూడా,” అంది. “ఎవర్ని అడిగానో వాళ్ళ నోటితోనే వినాల్సింది. పక్కవాళ్ళు చెబితే సరేనని ముందుకి వెళ్ళిపోయాను.”

“దానివల్లేనా నర్సమ్మా? ఆ జిగురువల్లేనా?”

“అవునని నేను చెప్పలేను. ఏ కారణం లేకుండా పోయేవి బోలెడు. రక్తం తక్కువ కావడమూ ఉంది. కాదని కూడా చెప్పలేను. కాదని చెప్పగలిగితే నిన్నెందుకు మారుస్తాను?”

ఆ మాట పెద్దకోడలు ఆశించిన మాట కాదు. అవునన్నా, కాదన్నా బాగుండేది. కాళ్ళు పట్టుకుని ఏడవడానికో, ఊపిరి పీల్చుకోవడానికో వీలుండేది.

“మా వాళ్ళకి చెబుతారా?” అంది.

“నీ సంగతి నా నోట రాదు. నువ్వు నా గదిలో చెప్పింది నా గదిలోనే ఉంటుంది. అందుకే నువ్వే చెప్పాలి. ఆ పిల్ల ఒళ్ళు కూడదీసుకుని మళ్ళీ అదే బల్ల దగ్గరికి పోతే?” నర్సమ్మ గొంతు తగ్గించింది. “నాకూ భయంగానే ఉందమ్మా. ఇవాళ ఆఫీసులో, చోట్లు మార్పించే నీ గదివల్లే ఈ పేచీలు వచ్చాయన్నారు. ముయ్యమంటే మూసెయ్యాలి నేను. మూసేలోపల ఆ పిల్ల ఒక్కసారి నా దగ్గరికి రావాలి. ఇవాళ పడుకోనీలే, రేపు సాయంత్రం వచ్చి చూస్తాను. అప్పటికి చెప్పి ఉంచు.”

“సరే.”

“నువ్వు మాత్రం ఆ గది గడప తొక్కకు. మాత్రలు వేసుకుంటున్నావా?”

“వేసుకుంటున్నా.”

“నెల వచ్చిందా?”

రావాల్సిన రోజు దాటిపోయి చాలా అయింది. ఆ సంగతి పెద్దకోడలు తనకి తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు. పైకి చెబితే జారిపోతుందేమోనన్నట్టు, పొద్దున లేవగానే ఆ ఆలోచనని పక్కకి తిప్పేస్తూ వస్తోంది. అవునో కాదో తెలియకుండా తల ఊపింది. నర్సమ్మ ఆమె ముఖంలోకి చూసింది గానీ, ఇంకేమీ అడగకుండా సంచీ, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

పైకి వచ్చేసరికి అత్త చేతిలో పెద్దకోడలి ఫోను ఉంది.

“ఒకటే మోత. నువ్వు లేవని నేనే తీశాను. ఈలాయనట. ఫోనులో కూడా ఈల వేసినట్టే మాట్లాడతాడేం ఆ మనిషి? వాళ్ళావిడ ఎలా వేగుతోందో గాని.”

“ఏమన్నాడు?”

“జిగురు బల్ల ఖాళీగా ఉంటే ఆ వరస మొత్తం ఆగిపోతుందట. అది నీ పాత బల్లేగాబట్టి, రేపటినుంచి మనిషిని తేవడమో, నువ్వు రావడమో చెయ్యమన్నాడు. లేకపోతే ఇద్దరి చోట్లకీ బయటివాళ్ళని పెట్టుకుంటాడట.”

“మీరేం చెప్పారత్తయ్యా?”

“ఏం చెబుతాను? ఇద్దరి పనీ పోగొట్టుకుంటామా? మా పెద్దకోడలు వస్తుందయ్యా అన్నాను. నడుం నొప్పైతే కాస్త ఓర్చుకుంటుంది, దానికేముంది, చంకలో పిల్లా జెల్లా ఏమైనా ఉన్నారా అని చెప్పేశాను.”

అత్త ఫోను కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెట్టింది. కసిగా అన్న మాట కాదది. నీళ్ళొచ్చాయి పట్టుకో అన్నంత మామూలుగా అంది. పెద్దకోడలు ఫోను నడుం దగ్గర దోపుకుంది. ఖాళీ బుట్ట ఇంకా చేతిలోనే ఉంది.

లోపలి గదిలోంచి చిట్టి గొంతు వినబడింది. “అక్కా. ఒకసారి రావా?”

వెళ్ళి మంచం అంచున కూర్చుంది. చిట్టి ఇటు తిరిగింది. ముఖం తెల్లగా, పెదవులు ఎండి ఉన్నాయి. ఏడ్చిన జాడ లేదు. అది చూడటమే పెద్దకోడలికి కష్టమైంది.

“అత్తయ్య ఫోనులో చెప్పింది విన్నాను. నువ్వెళ్ళొద్దక్కా. నీ నడుంతో నువ్వు నిలబడలేవు.”

“నువ్వు పడుకో.”

“రెండ్రోజులాగి నేనొస్తానని చెప్పు. ఆ రెండ్రోజులూ పక్క బల్లావిడని బతిమాలుకుందాం. మంచిదావిడ. తిడుతూనే చేస్తుంది.”

“డాక్టరమ్మ పడుకోమంది కదా.”

“పడుకుంటే ఇదే గుర్తొస్తోంది.” చిట్టి దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. “నీకో మాట చెప్పనా? తిట్టకూడదు.”

“తిట్టను.”

“ఆ రోజు షెడ్డులో నర్సమ్మ అడిగింది చూడు. నాకు సిగ్గేసి చచ్చిపోయాను. నువ్వు చెప్పేశావు కాబట్టి బతికిపోయా. కానీ అప్పటికే మేమిద్దరం అనుకుంటున్నామక్కా. మీ మరిది పేరు కూడా పెట్టేశాడు, ఆడపిల్లైతే. నీతో చెబుదామనుకునేదాన్ని. మళ్ళీ నువ్వేమనుకుంటావోనని... నీకు రెండుసార్లు అలా అయింది. నీకు లేకుండా నాకు ముందు వస్తే నీ మొహం ఎలా చూడను? అందుకే తొందర లేదని నువ్వన్నప్పుడు, పోన్లే, అలాగే అనుకోనీ అనుకున్నా.”

పెద్దకోడలు మంచం పట్టె పట్టుకుంది.

“ఏంటక్కా, కోపమా?”

“లేదు.”

“నీ చేతులు చల్లగా ఉన్నాయి.”

“నీళ్ళలో పెట్టాను కదా.” కాసేపటికి, “చిట్టీ,” అంది.

“చెప్పు.”

“ఆ జిగురు గది...”

“ఊఁ.”

“ఆ గదిలో గాలి ఆడదు.”

“తెలుసులే. అలవాటైపోయింది,” అంది చిట్టి. కళ్ళు మూసుకుని, పక్కనున్న ఆమె చేతిని తన చెంప కింద పెట్టుకుంది. “నువ్వు ఇక్కడే కూర్చో, కాసేపు నిద్రపోతా.”

అంతకంటే మంచి సమయం దొరకదని పెద్దకోడలికి తెలుసు. ముందుగదిలో అత్త కునుకు తీస్తోంది. చెప్పాల్సింది ఒక్క మాట. చిట్టీ, నేను మారింది నడుం నొప్పికి కాదు. దాన్ని నాలుక మీదికి తెచ్చుకుంది. చెప్పిన తర్వాత చిట్టి ఈ చేతిని ఏం చేస్తుందోనని ఆలోచించింది. మాట మింగేసింది.

మరిది తలుపు దగ్గరికి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. నిద్రపోతున్న పెళ్ళాన్ని కాసేపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

“రేపు షిఫ్టుకి నేనూ నీతో వస్తా వదినా. గేటు దాకా కాదు, లోపలికే.”

“నువ్వెందుకు?”

“ఈలాయనతో మాట్లాడాలి. డబ్బాలు సర్దుకుంటున్న పిల్లని తీసుకెళ్ళి ఆ గదిలో ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు చెప్పాలి. అందరికీ తల తిరిగే గది అని నువ్వే అన్నావుగా. తెలిసీ పెట్టినవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళ పేరు నాకు కావాలి.”

“ఫ్యాక్టరీలో గొడవెందుకు?”

“గొడవ కాదు. ఒక్క మాట అడుగుతా.” వాడు ఆమెవైపు నమ్మకంగా చూశాడు. “నువ్వు పక్కన ఉంటే చాలు. నాకు ఆవేశం వస్తే నువ్వే ఆపాలి.”

ఆమె తల ఊపింది. వాడు వెళ్ళిపోయాడు. ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడు, అత్త ఏదో గొణిగిన చప్పుడు వినిపించాయి. చిట్టి ఊపిరి ఆమె అరచేతికి వెచ్చగా తగులుతోంది. చెయ్యి తిమ్మిరెక్కినా తీయలేదు. రెండో చెయ్యి తన పొత్తికడుపు మీదికి ఎప్పుడు వెళ్ళిందో ఆమె గమనించలేదు.

పొద్దున్నే ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. ఇద్దరిలో ఎవరూ నిలబడకూడదు. ఎందుకు నిలబడకూడదో ఆ ఇంట్లో తెలిసినది ఒక్క మనిషికే. ఆమె ఆ మాట చిట్టికి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు, మరిదికీ చెప్పలేదు.